అమ్మ భూతద్దం

మా అమ్మ తిరుత్తణిలో ఉంటుంది. నేను బ్యాంకు ఉద్యోగరీత్యా తిరువళ్ళూరులో. ఆదివారాలు అరక్కోణం మీదుగా పోయే లోకల్ రైలెక్కి చూసి వస్తుంటాను. అలా వెళ్ళిన ఒకనాడు బల్ల మీది భూతద్దాన్ని మోచేత్తో తోసేశాను. రెండు ముక్కలైంది.

వస్తువు చిన్నదే. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారేనాటికి అమ్మ తెలుగు బడిలో చదువుతోంది. నాన్నగారి పాత ఉత్తరాలు తడుముకోకుండా చదివేది ఇప్పుడు మా ఇంట్లో ఆవిడొక్కతే. బాగా పెద్దగా చూపించే అద్దాలు రెండు కొనిచ్చాను. అవి కాగితానికి మరీ దగ్గరగా పట్టాలి. అమ్మ చేతికేమో పాత దూరమే అలవాటు. "అక్షరం అలికినట్టుందిరా" అని పక్కన పెట్టేసింది. ఉత్తరాల కట్ట విప్పడమే మానేసింది.

కళ్ళద్దాల దుకాణంలో "పవరెంత?" అన్నారు. నేను బి.కాం. చదివినవాణ్ణి, వడ్డీ శాతమైతే చెప్పగలను!

ప్లస్ టూ చదివే మా అమ్మాయి ఆదుకుంది. "ముక్కైనా ఫోకల్ లెంగ్త్ మారదు నాన్నా" అంది. తెలుగులో దాన్నే నాభ్యంతరం అంటారు. అట్టకు రెండు సెంటీమీటర్ల చీలిక కోసి, వెనక టార్చి పెట్టాం. ముప్ఫై సెంటీమీటర్ల దూరంలో పెద్ద ముక్కను నిలబెట్టి, బొమ్మ స్పష్టంగా పడేదాకా గోడ వైపు తెల్ల అట్టను జరిపాం. వెలుతురు తగ్గింది గాని బొమ్మ పూర్తిగానే పడింది, తలకిందులుగా. కొలిస్తే నాలుగు సెంటీమీటర్లు. అంటే ఆవర్థనం రెండు.

దూరాన్ని ఆవర్థనంతో గుణిస్తే అరవై. నేను ఆవర్థనంలోంచి ఒకటి తీసేసి భాగించి, అరవయ్యే అన్నాను. అమ్మాయి నవ్వింది. బొమ్మ నిటారుగా కనబడితేనే ఒకటి తీసెయ్యాలట. గోడ మీద తలకిందులుగా పడితే కలపాలి. జమను ఖర్చులో రాసినట్టయింది నా పని! అరవైని మూడుతో భాగిస్తే ఇరవై. నమ్మకం చాలక, కిటికీలోంచి దూరపు కొబ్బరిచెట్టు బొమ్మను గోడ మీద పట్టి చూశాను. సరిగ్గా ఇరవై సెంటీమీటర్ల దగ్గరే నిలిచింది. వందను ఇరవైతో భాగిస్తే పవరు ఐదు డయాప్టర్లు.

మరుసటి ఆదివారం కొత్త అద్దం తీసుకెళ్ళాను. అమ్మ ఏమీ అడక్కుండా కట్ట విప్పి, కాగితానికి జానెడు లోపు ఎత్తున అద్దం పట్టుకుని చదవసాగింది. రెండో ఉత్తరం మధ్యలో ఆగి, "పిడి మాత్రం పాతదే బాగుండేది" అంది.