ఏ విమానం ఎక్కాల?

మా వీధిలో కువైట్ పోయేవాళ్ల టిక్కెట్లు చదివిపెట్టే పని నాది. ఎవరూ అప్పగించలేదు, జీతమూ లేదు. బడిపంతులు ఉద్యోగం, నాలుగు ఇంగ్లీషు ముక్కలు ఉన్నందుకు దానంతటదే నా మీద పడింది. మా రాయచోటిలో ఒకప్పుడు ఉత్తరాలు చదివిపెట్టేవాళ్లు ఉండేవాళ్లు. కువైట్ నుంచి కవరు వస్తే ఆడవాళ్లు దాన్ని కొంగుకు ముడేసుకుని వాళ్ల అరుగుల మీద కాచుకుని ఉండేవాళ్లు. ఇప్పుడు ఉత్తరాలు లేవు. ఫోన్లో బిడ్డల ముఖాలే కనపడతాయి. చదివిపెట్టాల్సినవి విమాన కంపెనీల మెసేజీలే మిగిలాయి.

ఆ మెసేజీలన్నీ ఒకే తీరుగా ఉంటాయి. ముందు ఒక చింత. తర్వాత ఒక తేదీ. కారణం మాత్రం ‘ఆపరేషనల్’. అదేమి కారణం అని అడిగితే నేనేం చెప్పేది? ‘వాళ్ల ఇబ్బంది’ అని చెప్తాను. ‘మన ఇబ్బంది ఎవురికి సెప్పాల నాయనా?’ అంటుంది పక్కింటి అవ్వ.

ఉన్నవాళ్లకు విమానం ఒకరోజు వెనక్కి పోవడమంటే హోటల్లో ఒక రాత్రి. మాకు అట్లా కాదు. విమానం ఎక్కాలంటే మేం ముందు చెన్నైకో బెంగుళూరుకో హైదరాబాదుకో పోవాల. కడపలో 2015లో విమానాశ్రయం తెరిచారు, సంతోషమే. కానీ కువైట్ పోయే మా ఆడబిడ్డకు అది అక్కరకొచ్చేది కాదు. జీపు మాట్లాడుకోవాల. సాగనంపడానికి పదిమంది ఎక్కుతారు. అక్కడ దిగేసరికి సేటు కారు పంపాల, పంపకపోతే విమానాశ్రయంలోనే కూర్చోవాల. వచ్చేటప్పుడైతే ఇంకా కష్టం. రెండేళ్లకోసారి ఇచ్చే నెలా రెండు నెలల సెలవులో ప్రతి రోజూ లెక్కే. ఆ ఒక్క రోజులో చెల్లెలి నిఖా ఉండొచ్చు, కొడుకు ఒడుగులు ఉండొచ్చు. విమాన కంపెనీ కంప్యూటరుకు ఇది తెలియదు. తెలియాలని కూడా నేననను. కానీ తెలియని దాని చేతిలో మా బతుకులు పెట్టింది ఎవరు?

ఈ మార్పులు ఎందుకొస్తాయో కొంత కనుక్కున్నాను. మార్చి చివరి ఆదివారం నాడు ఎండాకాలపు షెడ్యూలు, అక్టోబరు చివరి ఆదివారం నాడు చలికాలపు షెడ్యూలు మొదలవుతాయి. ఆ రెండు తేదీలకు అటూ ఇటూ పడ్డ టిక్కెట్టు మారకుండా ఉండడం అదృష్టమే. ఒక రోజు సగం సీట్లే నిండితే దాన్ని మరుసటి రోజు దాంట్లో కలిపేస్తారు. ఇంజన్లు లేక విమానాలు నేల మీద నిలబడిపోతాయి. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆగిపోయింది. గో ఫస్ట్ 2023 మే నెలలో ఇంజన్లు రాలేదంటూ దివాళా కోర్టుకు పోయింది. రెండూ గల్ఫ్‌కు తిరిగినవే. సీట్ల కరువు సరేసరి. కువైట్‌లో మనదేశంవాళ్లు పది లక్షల దాకా ఉన్నారు. రెండు దేశాల ఒప్పందంలో ఒక్కో దేశపు విమానాలకు వారానికి 12 వేల సీట్లే ఉండేవి ఏళ్ల తరబడి. 2025 జూలైలో దాన్ని 18 వేలు చేశారు. సీట్లు తక్కువైన చోట కంపెనీ ఎప్పుడు రమ్మంటే అప్పుడు పోవాల్సిందే. అలిగి ఇంకో విమానం ఎక్కుతామంటే అందులో సీటేదీ?

అయినా మావాళ్లు ఎంచుకుంటారు. వాళ్ల ఎంపికలో కూడా మా చరిత్ర ఉంది.

మా మేనమామ ఎయిరిండియా తప్ప ఇంకొకటి ఎక్కేవాడు కాదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు ఆయన అక్కడ డ్రైవరు. చేతిలో ఒక సంచితో బాగ్దాదు మీదుగా బస్సుల్లో ఎడారి దాటి జోర్డాన్‌లోని అమ్మాన్‌కు చేరాడు. అక్కణ్ణుంచి ఎయిరిండియా విమానాలు 488 సార్లు తిరిగి లక్షమందికి పైగా మనవాళ్లను తెచ్చాయి. ఆ లక్షలో ఆయనొకడు. బొంబాయిలో దిగి నేలకు సజ్దా చేశానని చెప్పేవాడు. ఆ తర్వాత రెండేళ్లకే, 1992 డిసెంబరులో, ఊళ్లో ఆయన చదువుకున్న బడి ముందరే ఎవరో ‘మీ దేశానికి పొండి’ అన్నారు. ‘నా దేశం విమానం పంపించి మరీ నన్ను పిలిపించుకునింది, నువ్వెవురు పొమ్మనేదానికి?’ అన్నాడట. చౌక టిక్కెట్లు ఎన్ని వచ్చినా, ధర ఎక్కువైనా ఆయనకదే విమానం. 2022 జనవరిలో దాన్ని టాటాలకు అప్పగించేనాటికి ఆయన లేడు. ఉండుంటే ఏమనేవాడో!

మా అత్త లెక్క వేరు. కువైట్ ఎయిర్‌వేస్‌లో మందు పొయ్యరు కాబట్టి ఆమెకు అదే మేలు. పక్క సీటువాడు తాగి మీద పడడని ధీమా. చిన్నపిల్లలు మాత్రం రేటు చూస్తారు, సామాను ఎన్ని కేజీలో చూస్తారు. పాలపొడి డబ్బాలు, దుప్పట్లు, టైగర్ బామ్ లేకుండా ఇంటికి వస్తే అది రావడమే కాదు కదా!

ఎంచుకునే వీలు అసలు లేనివాళ్లూ ఉన్నారు. హజ్ కమిటీ ద్వారా పోయే హాజీలకు ఏ విమానమో వాళ్లు చెప్పిందే. బయట దొరికే ధరకంటే ఎక్కువ పడుతోందని హాజీలు ఎన్నేళ్లుగానో మొత్తుకున్నారు. ఆ ఎక్కువలో కొంత ప్రభుత్వం సబ్సిడీగా కట్టేది. ఆ డబ్బు పోయేది విమాన కంపెనీకి, మాట పడేది మేము. ‘మా పన్నులతో మీరు మక్కాకు పోతారు’ అని మా స్టాఫ్‌రూములో ఎన్నిసార్లు వినలేదు! పదేళ్లలో తీసేయమని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది, 2018లో తీసేశారు. తీసేసిన రోజు మా బజార్లో ఎవరూ ఏడవలేదు. ఆ మాట అన్నవాళ్లు మాత్రం ఇప్పటికీ సబ్సిడీ ఉందనే అనుకుంటున్నారు.

ఇక భాష. మేం దూదేకులవాళ్లం. ఇంట్లో తెలుగే. అమ్మ అంటాం, నాయన అంటాం, అక్క అంటాం. పేర్లు చూసి మాత్రం అందరూ మాతో ఉర్దూ మొదలుపెడతారు. ఊళ్లో ఉర్దూ సాయిబులు ‘మీకు మాట రాదు’ అని చిన్నచూపు చూస్తే, తెలుగువాళ్లు ‘అరే, తెలుగు బాగా మాట్లాడుతున్నావే!’ అని మెచ్చుకుంటారు. నా భాష నేను మాట్లాడితే నాకు మెప్పు ఎందుకో నాకు ఇంతవరకు అర్థం కాలేదు. విమానాశ్రయంలో ఇది ఇంకా ముదురుతుంది. విమానం మారిందని మా అక్కకు కౌంటరులో అమ్మాయి హిందీలో చెప్పింది. అక్క ‘తెలుగులో సెప్పమ్మా’ అనింది. ఆ అమ్మాయి పాస్‌పోర్టు వంకా బురఖా వంకా మార్చి మార్చి చూసి, అదే మాట హిందీలోనే ఇంకొంచెం గట్టిగా చెప్పిందట. హైదరాబాదు నుంచి పోయే విమానంలో అరబ్బీ వినపడుతుంది, ఇంగ్లీషు వినపడుతుంది, హిందీ వినపడుతుంది. విమానం నిండా ఉన్న కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్ల భాష మాత్రం సీట్ల మధ్య గుసగుసల్లోనే.

పేర్ల సంగతి మరీ విడ్డూరం. మా ఆడవాళ్ల పేర్ల చివర ‘బీ’ ఉంటుంది. పాస్‌పోర్టులో దాన్ని విడదీసి రాస్తారు. ఏజెంటు దాన్నే ఇంటిపేరు చేస్తాడు. టిక్కెట్టు మీద మా వీధి ఆడవాళ్లంతా ‘మిస్ బీ’లే. ఒకే విమానంలో నలుగురు మిస్ బీలు! విమానం మారి టిక్కెట్లు తిరగరాసినప్పుడు ఒక మిస్ బీ టిక్కెట్టు ఇంకో మిస్ బీ పేరు మీదికి పోతుంది. దాన్ని సరిచేయించడానికి నేను ఫోను చేస్తే, పాట గంటసేపు వినపడుతుంది.

మా అక్క కువైట్‌లో ఒక ఇంట్లో వంట పని చేస్తుంది. 2018లో నాయనకు జబ్బు ముదిరిందని తెలిసి సెలవు అడిగింది. సేటు ఒప్పుకుని టిక్కెట్టు తీయించాడు. అందరికంటే చౌకైన విమానం, అదీ మధ్యలో ఒకచోట దిగి ఇంకోటి ఎక్కేది. బుధవారం రాత్రి బయల్దేరితే గురువారం పొద్దున చెన్నై, మధ్యాహ్నానికి ఇల్లు. కంపెనీవాళ్లు ఆ విమానాన్ని గురువారం రాత్రికి జరిపారు. మెసేజి కూడా పంపారు. టిక్కెట్టులో ఉన్న ఫోన్ నంబరుకు పంపారు. ఆ నంబరు ఏజెంటుది. ఏజెంటుకు రోజుకు అట్లాంటివి నూరు వస్తాయి.

బుధవారం తెల్లవారుజామున నాయన పోయాడు. కూతురు వస్తోంది, ముఖం చూడాల, ఒక్క రోజు ఆపుదామన్నాను. మాలో మయ్యత్‌ను ఆపరు. పేష్ ఇమాము ఆపడం మంచిది కాదన్నాడు, అయినా కూతురి కోసం కదా అని పెద్దలు ఒప్పుకున్నారు. ఫ్రీజర్ పెట్టె బాడుగకు తెచ్చాం. గురువారం జొహర్ తర్వాత జనాజా అని మసీదు మైకులో చెప్పించాం. ఆ రాత్రి పదిగంటలప్పుడు అక్క కువైట్ విమానాశ్రయం నుంచి ఫోను చేసింది. ‘ఈ పొద్దు ఇమానం లేదంట తమ్ముడూ, రేపంట’ అనింది. ఇంకో విమానంలో పంపమని నలుగురి కాళ్లు పట్టుకుందంట. వేరే కంపెనీ టిక్కెట్టు కొనాలంటే రెండు నెలల జీతం కావాల. సేటు ఫోను ఎత్తలేదు.

గురువారం పొద్దున పెద్దలు మళ్లీ కూర్చున్నారు. శుక్రవారం దాకా ఆపమని అడగడానికి నాకు నోరు రాలేదు. జొహర్ తర్వాత మట్టి ఇచ్చి వచ్చాం.

శుక్రవారం సాయంత్రం అక్క వచ్చింది. ఏడవలేదు. నాయన మంచం మీద కూర్చుని ఒక్కొక్కటే అడిగింది. గుసుల్ ఎవరు చేసినారు? కఫను గుడ్డ యాడ తెచ్చినారు? నా పేరేమన్నా ఎత్తినాడా? అన్నిటికీ చెప్పాను. ఆఖరుదానికి అమ్మ చెప్పింది.

ఆ కంపెనీవాళ్లకు ఉత్తరం రాశాను. అంతకుముందే సమాచారం ఇచ్చామని జవాబు వచ్చింది. వాళ్ల లెక్కలో అది నిజమే. మన దేశంలో కూడా నియమాలు ఉన్నాయి. విమానం రద్దు చేస్తే రెండు వారాల ముందు చెప్పి వేరే విమానమో డబ్బు వాపసో ఇవ్వాలని, సమయానికి చెప్పకపోతే ప్రయాణపు గంటలను బట్టి పరిహారం 10 వేల రూపాయల దాకా అని డీజీసీఏ పెట్టిన నియమం. యుద్ధాలకూ వాతావరణానికీ మినహాయింపు. ఇంకొక మినహాయింపు కూడా ఉంది: టిక్కెట్టు తీసేటప్పుడు తనను చేరే వివరాలు సరిగా ఇవ్వని ప్రయాణికుడికి పరిహారం లేదు. నంబరు ఇచ్చేది ఏజెంటు. పోగొట్టుకునేది మేము. ఇప్పుడు మా వీధిలో ఎవరు టిక్కెట్టు తెచ్చినా నేను ముందు చూసేది ఆ నంబరే. తర్వాత చూసేది రెండు విమానాలూ ఒకే టిక్కెట్టులో ఉన్నాయా, వేర్వేరా అని. వేర్వేరుగా ఉంటే, మొదటిది ఆలస్యమై రెండోది పోతే మొదటి కంపెనీ తనకు సంబంధం లేదంటుంది.

అక్క తిరిగిపోయాక రెండేళ్లు మాట్లాడలేదు ఆ సంగతి. కరోనాలో దారులు మూసుకుపోయాయి, తెరుచుకున్నాయి. తర్వాతి సెలవు వచ్చినప్పుడు సేటును అడిగింది: ‘టిక్కెట్టు నువ్వు తీయొద్దు, డబ్బు నా చేతికియ్యి, నేను తీసుకుంటా.’ పద్నాలుగేళ్ల కొలువులో ఆమె అడిగిన మొదటి మాట అది. ఎందుకన్నాడు. చెప్పింది. ఇచ్చాడు, కానీ చౌక విమానానికి ఎంతో అంతే. మిగతాది తన జీతంలోంచి వేసుకుంది. నాకు ఫోను చేసి ఒక్కొక్క కంపెనీ పేరు చదివించుకుంది. మధ్యలో దిగనిది కావాలంది. రోజూ తిరిగేది కావాలంది, ఒకటి పోయినా మర్నాడు ఇంకొకటి ఉంటుందని. తన సొంత నంబరు రాయించింది. ముప్పై దినార్లు ఎక్కువైంది.