ఆర్నెల్ల చుట్టాలు

ప్రొద్దుటూరులో అమెరికా ప్రయాణం పెట్టుకున్న ఇల్లు నెల ముందే తెలిసిపోతుంది. నడింట్లో రెండు పెద్ద సూట్‌కేసులు తెరిచి ఉంటాయి. ఒక్కోటి 23 కిలోలు దాటకూడదు. చెనిక్కాయల పొడి, కజ్జికాయలు, నిప్పట్లు, కోడలికి చీరలు, మనవరాలికి పట్టుపావడ, ఆర్నెల్లకు సరిపడా బీపీ, షుగరు మాత్రలు, వాటికి డాక్టరు చీటీ. అన్నీ సర్ది తూకం వేస్తే ఇరవై ఆరు చూపిస్తుంది. మళ్లీ తీయడం, మళ్లీ సర్దడం. ఊరగాయ డబ్బా మూత చుట్టూ టేపు, దాని మీద కవరు, ఆ కవరు మీద ఇంకో కవరు. పులివెందుల వాళ్లకు తోటలో కాసిన చీనీకాయలు నాలుగైనా తీసుకుపోవాలని ఉంటుంది గానీ, పచ్చి పండ్లనూ మాంసాన్నీ అమెరికా విమానాశ్రయం దాటనివ్వరు. నాటుకోడి పచ్చడికీ అదే గతి. చెప్పకుండా తెస్తే జరిమానా కూడా పడుతుంది.

అవతల ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో కొడుకూ కోడలూ కూడా సర్దుతూనే ఉంటారు. ఆఫీసు పనికి వాడుకుంటున్న గదిని ఖాళీ చేసి మంచం వేయాలి. ఇన్సూరెన్సు తీసుకోవాలి. ఏడాదికి దొరికే రెండు మూడు వారాల సెలవుల్లో ఎన్ని ఇప్పుడు వాడాలో లెక్కేసుకోవాలి. వచ్చేవాళ్లకూ పిలిచేవాళ్లకూ ఎదురుచూపే. అయినా రెండో నెల వచ్చేసరికి, ఆఫీసు నుంచి వచ్చి కారు గ్యారేజీలో పెట్టాక పది నిమిషాలు అందులోనే కూచుని, ఆ తర్వాత ఇంట్లో అడుగుపెట్టే కోడళ్లున్నారు. కాంపౌండు గేటు దాకా పోయి, ఎక్కడికి పోవాలో తెలియక వెనక్కి తిరిగొచ్చే మామలున్నారు.

ప్రేమకు కొదవేం లేదు. కొదవంతా మనుషులకే.

ప్రొద్దుటూరుకు చుట్టం వస్తే ఆ మనిషిని ఒక్క ఇల్లే మోయదు. పొద్దున కాఫీ ఇంట్లో తాగితే, పదింటికి పక్కింటివాళ్లు కారం దోశ తెప్పిస్తారు. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఎదురింటామె వచ్చి అరుగు మీద కూచుంటుంది. సాయంత్రం ఎవరో పిల్లోడు బండి మీద ఎక్కించుకుని పెన్నా ఒడ్డున రామేశ్వరం గుడికి తీసుకుపోతాడు. ఆడవాళ్లు బంగారం అంగళ్ల వీధిలో పడితే పొద్దు గడిచేదే తెలియదు. ఇంటామె చేసేది వంట, పడకలు వేయడం. తక్కిన పనంతా వీధి చేస్తుంది. అమెరికాలో ఆ వీధి చేసే పని మొత్తం ఉద్యోగాలు చేసుకునే ఇద్దరి నెత్తిన పడుతుంది. టీ అంగడీ వాళ్లే, గుడికి తీసుకుపోయే బండీ వాళ్లే, సాయంత్రం కబుర్లకు వచ్చే ఎదురింటామే వాళ్లే.

మధ్యాహ్నాలు మరీ కష్టం. ఎండాకాలం టెక్సస్‌లో ఉదయం పదయితే ప్రొద్దుటూరులో రాత్రి ఎనిమిదిన్నర. ఆ వేళకు చెల్లెలితో, వియ్యపురాలితో, పాలవాడి బాకీ గురించి పక్కింటామెతో వీడియో కాల్‌లో మాట్లాడుకోవచ్చు. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా అక్కడ ఊరంతా నిద్రపోతుంది. అప్పటి నుంచి పిల్లలు బడి నుంచి వచ్చేదాకా ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంకోటి ఉండదు. కిటికీలోంచి చూస్తే కార్లు కనపడతాయి గానీ మనిషి తల కనపడదు. ఊళ్లో పాతికేళ్లుగా బండి నడుపుకుని తిరిగిన పెద్దాయన కూరగాయలు కొనాలన్నా కొడుకు వచ్చేదాకా కూచోవాల్సిందే. వంటింట్లో తల్లికీ అంతే. ఎండుమిరపకాయల తిరగవాత ఘాటుకు స్మోక్ అలారం కూసిందంటే, ఆ తర్వాత మూడు రోజులు ఆమె పొయ్యి వెలిగించడానికే జంకుతుంది. అంగడికి తీసుకుపోతే ప్రతి వస్తువు ధరనూ ఎనభయ్యో తొంభయ్యో పెట్టి గుణించి, తీసుకున్నదాన్ని మళ్లీ అరలో పెట్టేస్తుంది. పక్కన నిలబడ్డ కూతురికి అది చిన్నతనంగా అనిపిస్తుంది. ఆ లెక్కలతోనే తనను చదివించారన్న సంగతి కూడా ఆమెకు తెలుసు. అందుకే కసరలేదు, ఊరుకోనూలేదు.

ఈ చుట్టాలు ఇంతమంది కావడానికి కారణాలు ఊళ్లోనే ఉన్నాయి. 2006లో పులివెందులకు జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. ఆ తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంటుతో చీనీ తోటల వాళ్ల పిల్లలు, చిన్న అంగళ్ల వాళ్ల పిల్లలు ఇంజనీర్లయ్యారు. వాళ్లలో సముద్రాలు దాటినవాళ్ల తల్లిదండ్రులకు ఇప్పుడు అరవై ఏళ్లు. 2009లో హైదరాబాదు బేగంపేట పైగా ప్యాలెస్‌లోని అమెరికా కాన్సులేటు వీసాలు ఇవ్వడం మొదలుపెట్టేదాకా ఇంటర్వ్యూకు చెన్నై పోవాల్సి వచ్చేది. 2023 నుంచి ఆ కాన్సులేటు నానక్‌రామ్‌గూడలో ఉంది. కోవిడ్ తర్వాత రెండేళ్లు ఇంటర్వ్యూ తేదీ కోసమే వందల రోజులు ఆగారు. అంత ఆగి, అంత ఖర్చు పెట్టి పోయినవాళ్లు, విమానాశ్రయంలో అధికారి మామూలుగా ఇచ్చే ఆర్నెల్లలో ఒక్క రోజు కూడా వదులుకోరు. ‘ఇంత దూరం పోయి మూణ్ణెల్లకే వస్తే ఎట్లా?’ అని ఊళ్లో అడుగుతారు కూడా. చాలా ఇళ్లలో గొడవకు మూలం ఆ ఆర్నెల్లే. మూడో నెల దాకా అతిథి, ఆ తర్వాత ఏమిటన్నది ఇంట్లో ఎవరికీ తేలదు.

కాన్పుకు వచ్చిన తల్లి సంగతి వేరు. ఆమె అతిథిగా రాదు, పనికే వస్తుంది. మొదటి ఆర్నెల్లు ఈ అమ్మ, తర్వాతి ఆర్నెల్లు ఆ అమ్మ అని పంచుకుంటే బిడ్డకు ఏడాది నిండేదాకా డేకేర్ అక్కర్లేదు. ఒకామె బయల్దేరకముందే ఇంకొకామె దిగితే, ఆ రెండు వారాలు ఒకే వంటింట్లో ఇద్దరు వియ్యపురాళ్లు. చంటిదానికి నూనె పెట్టి నీళ్లు పోయడం మీద ఒకరిది ఒక పద్ధతి, ఇంకొకరిది ఇంకో పద్ధతి, డాక్టరు చెప్పింది మూడో పద్ధతి. మాట పడేది మాత్రం బాలింత.

భయం మాత్రం ఎప్పుడూ ఒక్కటే, జబ్బు. ముందునుంచీ ఉన్న జబ్బులకు విజిటర్ ఇన్సూరెన్సులు సరిగా వర్తించవు. ఒక రాత్రి ఎమర్జెన్సీకి పోయొస్తే బిల్లు వేల డాలర్లలో రావచ్చు. అందుకే నాయన దగ్గితే కొడుక్కి నిద్ర పట్టదు. కొడుకు మొహం చూసి, నాయన దగ్గు ఆపుకుంటాడు.

ఊరికే ఉండలేక చూడ్డానికి తీసుకుపోతారు. నయాగరా, వాషింగ్టన్, పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి, ఆపైన గ్రాండ్ కాన్యన్. జమ్మలమడుగు వాళ్లతో ఇక్కడే చిక్కు. వాళ్ల ఊరికి పదిహేను కిలోమీటర్లలో పెన్న కోసుకుపోయిన గండి ఉంది, దాని అంచున గండికోట ఉంది. అమెరికా లోయ నాలుగు వందల కిలోమీటర్లకు పైగా పొడవు, మైలుకు పైగా లోతు. కొడుకు రెండు రోజులు సెలవు పెట్టి, హోటల్ గది తీసుకుని, నాలుగైదు గంటలు కారు తోలుకుని అక్కడ నిలబెడితే, నాయన కాసేపు చూసి ‘మన గండికోట మాదిరే ఉండాది గదరా, ఆడ కోటన్నా ఉంది’ అంటాడు. కొడుక్కి చివుక్కుమంటుంది. నిజానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ పెద్దాయన తనకు తెలిసినదాని గురించి మాట్లాడింది ఆ ఒక్క చోటే. అప్పుడు కొడుకు ఇంకో రెండు ప్రశ్నలు అడిగితే, చిన్నప్పుడు కోట మీది జుమ్మా మసీదు దాకా నడిచిపోయిన కథ మొదలయ్యేది.

ఆగస్టులో ఇంకో రకం చుట్టాలు దిగుతారు. అదే ఊరివాళ్ల పిల్లలు, మాస్టర్స్ చదవడానికి. గది దొరికేదాకా రెండు వారాలు హాల్లో సోఫా మీద పడుకుంటారు. వీళ్లతో పెద్ద బాధ లేదు, తిండి పెడితే చాలు.

కువైట్‌లో ఈ మాటలేవీ చెల్లవు. ఉమ్మడి కడప జిల్లా నుంచి, ముఖ్యంగా రాజంపేట, రాయచోటి వైపు నుంచి, అక్కడికి పోయినవాళ్లలో చాలామందికి తల్లిని పిలిచి నెల రోజులు పెట్టుకునే దారే 2025 దాకా లేదు. 2022లో కువైట్ ఫ్యామిలీ విజిట్ వీసాలు ఆపేసింది. 2024 ఫిబ్రవరిలో మళ్లీ తెరిచినప్పుడు తల్లిదండ్రుల్నో భార్యాపిల్లల్నో పిలవాలంటే నెల జీతం 400 దినార్లు ఉండాలంది, మిగతా బంధువులకు 800 అంది. ఇంటి పనివాళ్లకు ఆ దేశం 2016లో పెట్టిన కనీస జీతం 60 దినార్లు. కాబట్టి అక్కడ చుట్టమంటే ఊరి నుంచి కొత్తగా దిగిన మనిషో, పని పోయిన మనిషో. ఫర్వానియాలోనో జలీబ్‌లోనో ఆరుగురున్న రూములో ఏడో పరుపు వేస్తారు. రాత్రి పనికి పోయేవాడు పగలు నిద్రపోతుంటే లైటు దగ్గర మాటా మాటా వస్తుంది. కొత్తవాడికి మొదటి జీతం వచ్చేదాకా మెస్సు డబ్బులు మాత్రం అడగరు.

అమెరికా ఇళ్లలో ఈమధ్య కొందరు తెలివిగా సర్దుకుంటున్నారు. ఒకే కాలనీలో ఉన్న నాలుగు తెలుగు ఇళ్లవాళ్లు తల్లిదండ్రులను ఒకే కాలంలో రప్పించుకుంటున్నారు. సాయంత్రం పార్కులో ఆ ఎనిమిది మందికీ ఒకరికొకరు తోడు. ఒకరి కారులో అందరూ గుడికి పోతారు. పడమటింటి తిరగవాత వాసన తూర్పింటిదాకా వస్తుంది. కోడలికి శనివారం పొద్దున రెండు గంటలు తనకోసం మిగులుతాయి. ప్రొద్దుటూరు వాళ్లకు ఆర్నెల్లను కుదించుకోవడానికి గట్టి సాకు కూడా ఒకటుంది. మైసూరు తర్వాత దసరా అంటే తమదేనని ఆ ఊరి నమ్మకం. అమ్మవారిశాలలో అలంకారాలు, చివరి రోజు రాత్రి తొట్టిమెరవణి తప్పిపోతే ఏడాదంతా వెలితే. అందుకే మే నెలలో పోయి సెప్టెంబరులో తిరిగొచ్చేలా టికెట్లు తీసుకుంటారు. చలి మొదలు కాకముందే, అత్తాకోడళ్ల మధ్య మాటలు తగ్గకముందే బయల్దేరతారు. ఈసారి పెట్టెల్లో బరువు సమస్య ఉండదు, చాక్లెట్లూ బాదంపప్పులూ తప్ప ఏమీ ఉండవు. మళ్లీ ఎప్పుడొస్తారని కోడలే అడుగుతుంది, వచ్చే మే నెలకు ఇప్పుడే టికెట్లు చూడమని కొడుక్కి చెబుతుంది.