డిలీట్ కాని ఫైళ్లు ఎవరు దాచారు?



ఇంట్లో కంప్యూటర్‌లో వింత పేర్ల ఫైళ్లు కనిపించి, డిలీట్ కొట్టినా పోకపోతే, మన అనుమానం ముందు పిల్లల మీదికే పోతుంది. మా అక్క ఏడో తరగతి చదివే కొడుకుని గంటసేపు నిలదీసింది. పాపం, వాడు దాచిందేమీ లేదు. ఆ ఫైళ్లున్న 'యాప్‌డేటా' ఫోల్డర్‌ని దాచి ఉంచేది విండోసే. చూసిన పేజీలు మళ్లీ త్వరగా తెరుచుకోవాలని క్రోమ్ వాటి బొమ్మలూ ముక్కలూ అందులో దాచుకుంటుంది. పేర్లు చూస్తే అక్షరాలూ అంకెలూ కలగలిసినవే; వాటిని చదివి పిల్లలు ఏం చూశారో కనిపెట్టలేం. దానికి పిల్లల్నే నెమ్మదిగా అడగడం మేలు.

బ్రౌజర్ నడుస్తున్నంతసేపూ కొన్ని ఫైళ్లు చెరగవు. విండో మూసినా అది వెనకాల నడుస్తూ ఉండొచ్చు. కాబట్టి వాటిని చేత్తో ఏరకండి. క్రోమ్‌లోనే కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కి, 'ఆల్ టైమ్' ఎంచుకుని, 'క్యాష్‌డ్ ఇమేజెస్ అండ్ ఫైల్స్' ఒక్కదానికే టిక్ ఉంచండి. ఇంకా మొండికేస్తే కంప్యూటర్ రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి. కుకీల టిక్ మాత్రం తీసేయండి. లేదంటే పిల్లల ఆన్‌లైన్ క్లాసు మొదలయ్యే వేళకి ఇంటిల్లిపాదీ పాస్‌వర్డ్ వెతుక్కోవాలి!