గుల్హాలో ఎర్రగడ్డ

మా అక్క మాల్దీవుల్లో ఒక చిన్న దీవిలో లెక్కల టీచరు. మొన్న సెలవులకు వచ్చినప్పుడు సంచిలోంచి కర్రముక్క లాంటిదేదో తీసింది. తీరా చూస్తే అది చేప! ట్యూనాను ఉప్పునీళ్లలో ఉడికించి, పొగబెట్టి, ఎండేసినదట. దాంతో గుల్హా చేసిపెడతానని రోటి ముందు కూర్చుంది.

చేపను దంచి, సన్నగా తరిగిన ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ, కరివేపాకు, టెంకాయ తురుము వేసి, నిమ్మకాయ పిండి చేత్తో బాగా నలిపింది. మైదాలోనూ కాస్త తురుము కలిపి ముద్ద చేసింది. అమ్మ పూర్ణాలు చుట్టినట్టే లోపల చేప పెట్టి, నిమ్మకాయంత ఉండలు చుట్టి నూనెలో ఎర్రగా వేయించింది. సాయంత్రం టీతో తినే ఇలాంటి చిరుతిళ్లను అక్కడ 'హెదికా' అంటారట. పైన కరకర, లోపల పులుపూ కారమూ. పొగవాసనకు అమ్మ ముక్కు మూసుకుంది గానీ, నేను మాత్రం లెక్కపెట్టకుండా తిన్నాను.

నాయన ఒకటి విరిచి లోపలికి చూశాడు.

"ఆడ ఏం పండిస్తారు పాపా?"

"పెద్దగా ఏం పండదు నాయనా. నేలంతా పగడపు ఇసుక. టెంకాయ, చేప, ఇవే వాళ్లవి. మైదా, ఎర్రగడ్డ మన దేశం నుంచే ఎక్కువగా వస్తాయి."

సైన్సు విద్యార్థిని గదా, ఊరుకోలేకపోయాను. 1981 నాటి వాణిజ్య ఒప్పందం కింద ఏటా ఇంతని పంపుతారనీ, 2024-25కు ఎర్రగడ్డ ఒక్కటే 35,749 టన్నులకు అనుమతిచ్చారనీ ఏకరువు పెట్టాను. నాయన వినలేదు. ఆయన చూపు పెరట్లో వేపచెట్టు కింద ఉంది. కిలో ఆరు రూపాయలంటే అమ్మబుద్ధి కాక మార్కెట్టు నుంచి వెనక్కి తెచ్చిన మా మూటలు కుళ్లింది అక్కడే. ఆ ఏడు బ్యాంకు కంతూ, నా హాస్టలు ఫీజూ అక్క జీతమే కట్టింది.

"ఆడ ఎర్రగడ్డ కిలో ఎంత పాపా?"

అక్క పొయ్యిలో కట్టె సర్దింది. "ఈడికంటే కొంచెం ఎక్కువ నాయనా, అంతే."

అసలు ధర ముందురోజే నాకు చెప్పింది. నేను నోరు మెదపలేదు. నాయన తలూపి, గిన్నెలోంచి ఇంకొకటి తీసుకున్నాడు.