మల్కాపురంలో రుద్రమ శాసనం

2015లో 'రుద్రమదేవి' చూసి చప్పట్లు కొట్టారు కదూ! ఆ రాణిగారి అసలు దానశాసనం చూడాలంటే బెజవాడ నుంచి కృష్ణ దాటండి. మందడం పక్కనే మల్కాపురం, అక్కడ ఓ శిలాస్తంభం.

1261 నాటి మాట. గణపతిదేవుడి గురువు విశ్వేశ్వర శివాచార్యులవారు, పుట్టింది బెంగాలు వైపు. ఆయనది గోళకీ మఠం. తల్లి మఠం ఎక్కడో నర్మద దగ్గర డాహల దేశంలో. పిల్ల మఠాలు మన శ్రీశైలం, త్రిపురాంతకం, పుష్పగిరి దాకా వచ్చేశాయి. తండ్రి మాట ఇచ్చిన మందడానికి తోడు వెలగపూడిని కూడా రుద్రమ గురువుగారికి ధారపోసింది.

ఆయనేం చేశారంటే, రాబడిని మూడు వాటాలు వేశారు. ఒకటి శివుడికి, ఒకటి మఠానికీ విద్యార్థులకీ, మూడోది ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రాలకి! బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా ఎవరొచ్చినా అన్నం పెట్టాలని రాయి మీదే చెక్కించారు. ఆ రోజుల్లో అది చిన్న మాటా?

ఇక మన సినిమా జనానికి నచ్చే సంగతి. కొలువులో 10 మంది నర్తకీమణులు, 14 మంది గాయనులు, 8 మంది మద్దెలగాళ్ళు, పైగా కాశ్మీరు నుంచి ఒక గాయకుడు! బొంబాయి గొంతులు తెస్తున్నారని మన నిర్మాతల్ని ఊరికే ఆడిపోసుకుంటాం.

ఆ ప్రసూతిశాల ఇప్పుడు లేదు. 2016లో వెలగపూడికి సచివాలయం వచ్చింది. కార్లు రయ్యిమని పోతుంటాయి, స్తంభం దగ్గర ఆగేవాళ్ళు మాత్రం తక్కువే.