మెమరీ అడిగాం, ఇచ్చిందో లేదో చూడలేదు

ప్రాజెక్టులు మొదలుపెట్టబోయే మీకోసం మా తప్పు ఒకటి రాస్తున్నాం.

ఫైనలియర్‌లో మేం ముగ్గురం లినక్స్ కెర్నల్‌కి చిన్న మాడ్యూల్ రాశాం. నెల రోజులు బాగానే నడిచింది. రివ్యూలో సార్ ఒక లైను చూపించి, "ఇక్కడ కేమాలాక్ నల్ ఇస్తే?" అన్నారు. మేం ముఖాలు చూసుకున్నాం. నిజానికి ఆ చెక్‌లు మొదట ఉండేవి. కోడ్ పొడవైపోతోందని మేమే తీసేశాం. "అంత చిన్న ముక్క ఎందుకు ఇవ్వదు సార్?" అన్నాం.

మా మాటలో కొంత నిజం ఉంది. జీఎఫ్‌పీ కెర్నల్ అని అడిగితే, 8 పేజీల దాకా, అంటే 4 కేబీ పేజీలైతే 32 కేబీ వరకూ, కెర్నల్ ఆగి, మళ్లీ మళ్లీ వెతికి దాదాపు ఎప్పుడూ ఇచ్చేస్తుంది. కానీ ఇంటరప్ట్‌లో జీఎఫ్‌పీ అటామిక్ అని అడిగితే ఆగే వీలుండదు. లేకపోతే నల్ చేతిలో పెడుతుంది. మేం అడిగింది అక్కడే.

సార్ రెండు వారాలు టైమిచ్చి ఫెయిల్‌స్లాబ్ పెట్టి చూడమన్నారు. అది కావాలనే "లేదు" అనిపించే ఏర్పాటు. వర్చువల్ మెషీన్‌లో కెర్నల్ మళ్లీ బిల్డ్ చేసి నడిపాం. కాసేపటికే ఊప్స్ వచ్చింది. అన్నిచోట్లా నల్ చెక్ పెట్టి హమ్మయ్య అనుకున్నాం. ఈసారి కేమెమ్‌లీక్ పట్టుకుంది. రెండోసారి అడిగింది దొరక్కపోతే మైనస్ ఈనోమెమ్ ఇచ్చి వెనక్కి వస్తున్నాం గానీ, మొదట తీసుకున్నది తిరిగివ్వట్లేదు! మామూలు ప్రోగ్రామైతే అది ఆగిపోగానే దాని మెమరీ వెనక్కిపోతుంది. కెర్నల్‌లో అలా కాదు, రీబూట్ చేసేదాకా ఆ ముక్క పోయినట్టే. అందుకే కెర్నల్ కోడ్‌లో గోటూలు వరుసగా ఉంటాయి. చివర తీసుకున్నది ముందు, మొదట తీసుకున్నది చివర వదులుతూ రావాలి.

మా ఊళ్లో పెద్దోళ్లు రోజూ దాటే వాగే అయినా కర్రతో లోతు చూసిగానీ అడుగెయ్యరు. అది చూస్తూ పెరిగిన మేమే, నెల రోజులు నడిచింది కదా అని కర్ర పక్కన పడేశాం.

మార్కులు కొన్ని పోయాయి, దానికి బాధ లేదు. ఆ మాడ్యూల్ ఎవరి మెషీన్‌లోనో నడుస్తూ ఉంటే ఏమయ్యేదో అన్నదే ఇప్పటికీ గుచ్చుతుంది. మీరు రాసేటప్పుడు "లేదు" అన్న దారిని కూడా ఒక్కసారి నడిపి చూడండి. ఫెయిల్‌స్లాబ్ పెట్టుకోవడం రాకపోతే ఇక్కడే అడగండి, కూర్చుని చెబుతాం.