ఆ కారు మాది కాదు

ఈమధ్య పుంగనూరులో ఒక పెళ్ళికి మేము ముగ్గురమూ కలిశాము. భోజనాల దగ్గర ఒక పెద్దాయన ఫోను తీసి, అమెరికాలో చదువుతున్న తన మనవడి ఫోటో చూపించాడు. కుర్రవాడు నల్ల కళ్ళద్దాలు పెట్టుకొని, ఒక తెల్లకారు మీద చెయ్యి వేసి నవ్వుతున్నాడు. "పోయి ఆరు నెలలు కాలేదు, అప్పుడే కారు కొనేసినాడు" అన్నాడు పెద్దాయన సంతోషంగా. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకొని ఊరకున్నాము. ఆ కారు అబ్బాయిదే కావచ్చు, కాకపోవచ్చు. కానీ ముప్పై ఏళ్ళ క్రిందటి మా కథ గుర్తుకు వచ్చింది. ఆ రోజు నోట రాని మాటను ఇక్కడ రాస్తున్నాము.

మాలో ఒకరిది మదనపల్లె, ఒకరిది పుంగనూరు, ఒకరిది కుప్పం. 1993 ఆగస్టులో చదువు కోసం అమెరికా వెళ్ళాము. మిషిగన్ రాష్ట్రంలో హాలండ్ అనే చిన్న పట్టణం. 1847లో వాన్ రాల్టె అనే పాదిరిగారి వెంట వచ్చిన డచ్చి వారు అడవి కొట్టి కట్టుకొన్న ఊరు. అక్కడ 1866లో స్థాపించిన హోప్ కాలేజీలో చేరాము. ఫీజులో కొంత కాలేజీ వారు తగ్గించారు. మిగిలిన దానికి మా ఇళ్ళలో పెద్దలు అప్పు చేశారు.

ఆ ఊరు మాకు పూర్తిగా పరాయిది కాదు. మన ప్రాంతంలో పని చేసిన ఆర్కాటు మిషనూ, ఆ కాలేజీని పెట్టిన వారూ ఒకే రిఫార్మ్‌డ్ సంఘానికి చెందినవారు. మదనపల్లెలో ఏళ్ళ తరబడి ఉండి, తెలుగు నేర్చి, మందులిచ్చిన జేకబ్ చేంబర్లేన్ దొరగారి పేరు మన పెద్దల నోట విన్నదే. పులుల అడవుల్లో తిరిగిన అనుభవాలతో 1896లో ఆయన అచ్చు వేయించిన పుస్తకాన్ని మేము అక్కడే మొదటిసారి చదివాము. పేజీల్లో మదనపల్లె పేరు కనబడగానే మా మదనపల్లెవాడు లైబ్రరీలో గట్టిగా కేక వేశాడు. అందరూ తిరిగి చూశారు. వేల మైళ్ళ దూరం పోయినవానికి సొంత ఊరి పేరు అచ్చులో కనిపిస్తే ఎట్లుంటుందో పోయినవారికే తెలుస్తుంది.

వారంలో అయిదు రోజులు ఒకే రీతిగా గడిచేవి. ప్రొద్దున ఆరింటికి లేవడం, తరగతులు, సాయంత్రం కాలేజీ భోజనశాలలో పని, రాత్రి పన్నెండు దాకా చదువు. విదేశీ విద్యార్థులు చదువు రోజుల్లో వారానికి ఇరవై గంటలకు మించి పని చేయకూడదని చట్టం. మా పని గిన్నెలు కడగడం. గంటకు 4 డాలర్ల 25 సెంట్లు. డాలరు అప్పుడు 31 రూపాయలు. ఇంట్లో ఒక గ్లాసు కూడా కడిగి ఎరుగని మేము అక్కడ వందల ప్లేట్లు కడిగాము. సబ్బు నీళ్ళకు వేళ్ళ సందులు ఒరిసి, కలం పట్టుకొంటే మండేవి. పని తప్పు కాదు, ఆ పనే మా కడుపు నింపింది. కానీ ఇంటికి రాసే జాబుల్లో మాత్రం "కాలేజీలో చిన్న ఉద్యోగం దొరికింది" అని రాశాము. అమ్మ బాధపడుతుందని అనుకొన్నామో, ఊళ్ళో చులకన అవుతామని అనుకొన్నామో, ఇప్పుడు ఆలోచిస్తే రెండోదే నిజమనిపిస్తుంది.

శనివారం వచ్చిందంటే పండుగే. పొద్దున బట్టలు ఉతుక్కోవడం, ఆ తర్వాత అంగడికి పోయి సరుకులు తెచ్చుకోవడం. టొమాటోలు విడిగా లెక్కపెట్టి కొంటుంటే మదనపల్లెవానికి నవ్వూ ఏడుపూ వచ్చేవి. ధర పడిపోయిన రోజుల్లో గంపలకు గంపలు రోడ్డు ప్రక్కన పారబోసే ఊరు కదా వాడిది! చింతపండు దొరకదు గనుక నిమ్మరసంతో చారు. సంగటి మీద ఆశ పుడితే గోధుమపిండి ఉడికించి ముద్ద చేశాము. అది మాత్రం తినలేకపోయాము.

మధ్యాహ్నం సైకిళ్ళు అడిగి తీసుకొని ఏడెనిమిది మైళ్ళ దూరంలోని మిషిగన్ సరస్సుకు పోయేవాళ్ళము. పేరుకు సరస్సు గాని అవతలి ఒడ్డు కనబడదు. అలలు, ఇసుక, ఎర్రరంగు దీపస్తంభం, అచ్చం సముద్రమే. నోట్లో పోసుకొంటే ఉప్పు ఉండదు. కరువు సీమలో పుట్టి, బిందె నీళ్ళ కోసం బోరింగు దగ్గర కాచుకొన్న వాళ్ళము. అన్ని మంచినీళ్ళు ఒక్కచోట చూసి మొదటి రోజు చాలాసేపు మాట్లాడలేదు. "దీన్లో ఒక మూల ఇస్తే మన చెరువులన్నీ నిండిపోతాయి గదరా" అన్నాడు పుంగనూరువాడు.

చలికాలంలో ఆ సరస్సు మీది గాలే మంచు తెచ్చి కుమ్మరించేది. 1994 జనవరిలో చలి చెప్పనలవి కాదు. అయితే ఆ ఊరి నడివీధిలో కాలిబాట మీద మంచు నిలవదు. విద్యుత్ కేంద్రం నుండి వచ్చే వేడినీళ్ళను 1988 నుండి బాట క్రింద గొట్టాల్లో పారిస్తున్నారు. వృథాగా పోయే వేడిని పనికి తెచ్చుకొన్నారు. శనివారం సాయంత్రాలు ఊరకే ఆ బాట మీద ఈ చివర నుండి ఆ చివరకు నడిచేవాళ్ళము.

ఒక్కసారి మాత్రం డబ్బు కూడబెట్టి రైలులో షికాగో వెళ్ళాము. పొద్దున ఎక్కితే మూడు గంటలకు పైగా ప్రయాణం, రాత్రికి తిరుగు బండి. కుప్పంవానికి రైలంటే ప్రాణం. బెంగుళూరు, మద్రాసు బండ్లు చూస్తూ పెరిగినవాడు. షికాగోలోని డెవాన్ వీధిలో మన దేశపు అంగళ్ళు వరుసగా ఉంటాయి. చింతపండు, ఆవాలు, మిరపపొడి కొనుక్కొని, ఆ సంచిని తిరుగు ప్రయాణంలో ఒడిలో పెట్టుకొని వచ్చాము.

మే నెలలో ఆ ఊరంతా ట్యూలిప్ పూలు. 1964లో డచ్చి దేశం నుండి విప్పి తెచ్చి మళ్ళీ నిలబెట్టిన పాత గాలిమర ఒకటి ఉంది. దాని చుట్టూ రంగురంగుల మడులు. ఒక ఆదివారం ఆరాధన అయిన తరువాత అక్కడి సంఘ పెద్ద ఒకాయన మమ్మల్ని తన ఎర్రకారులో అక్కడికి తీసుకొనిపోయాడు. కెమెరా కూడా ఆయనదే. ముగ్గురమూ వంతులవారీగా కారు ముందు నిలబడి ఫోటోలు దిగాము. వాటిని ఇళ్ళకు పంపాము. జాబులో పూల గురించి రెండు పేజీలు రాశాము. కారు ఎవరిదో ఒక్క ముక్క రాయలేదు. అబద్ధం చెప్పలేదు, నిజం చెప్పలేదు.

ఆ సెప్టెంబరులో పుంగనూరువానికి చెల్లెలి దగ్గరనుండి జాబు వచ్చింది. అప్పట్లో జాబు రావడానికి రెండు వారాలు పట్టేది. వాడు చదివి మంచం మీద కూర్చుండిపోతే మేము తీసుకొని చదివాము. ఆ అమ్మాయికి సంబంధం కుదిరింది. ఇరవై వేలకు ఒప్పుకొన్న వరుని తరఫు వారు, ఇంట్లో గోడమీద పటం కట్టిన ఆ ఫోటో చూసి, "కొడుకు అమెరికాలో కార్లో తిరుగుతుంటే ఇరవై వేలేమిటి?" అని అరవై వేలూ ఒక మోటారు సైకిలూ అడిగారు. వాళ్ళ నాయన కాదనలేక, చెరువు క్రింది ఎకరా మడిని తాకట్టు పెట్టడానికి మాట్లాడి అడ్వాన్సు తీసుకొన్నాడు. జాబు చివర ఆ అమ్మాయి ఒక్క మాట రాసింది: "అన్నా, ఆ కారు నిజంగా నీదేనా?"

ఆ రాత్రి ముగ్గురమూ నిద్రపోలేదు. పంపిన ఫోటోలు మూడు. దెబ్బ ఒక ఇంటికి తగిలింది గాని తప్పు ముగ్గురిదీ. తెల్లవారితే ఆదివారం. ఉదయం ఏడింటికి, అంటే మన సాయంత్రం నాలుగున్నరకు, వాళ్ళ ఊళ్ళో ఎదురింటి పి.పి. నంబరుకు ఫోను చేశాము. అరగంట గిన్నెలు కడిగితే వచ్చే డబ్బు ఒక నిమిషం మాటలకు సరిపోయేది. నాయనను పిలిపించేసరికే నాలుగు నిమిషాలు పోయాయి.

"నాయనా, ఆ కారు నాది కాదు. నేనిక్కడ ఎంగిలి ప్లేట్లు కడుగుతున్నా" అన్నాడు వాడు.

చాలాసేపు శబ్దం లేదు. లైను తెగిందేమో అనుకొన్నాము. తరువాత నాయన గొంతు వినబడింది. "కడిగితే కడుగుదువు లేరా, దాంట్లో ఏముంది? ఆ మాట ముందే రాసుంటే నేను మడి దాకా పోయేవాణ్ణి కాదు గదా."

నాయన వరుని ఇంటికి పోయి ఉన్నమాట చెప్పాడు. సంబంధం తప్పిపోయింది. తాకట్టు మాట వెనక్కు తీసుకొని, అడ్వాన్సును వడ్డీతో తిరిగి ఇచ్చాడు. ఆ వడ్డీ కోసం మేము ముగ్గురమూ మూడు నెలలు శనివారపు ప్రయాణాలు మానుకొన్నాము. అది పెద్ద సంగతి కాదు. కుదిరి తప్పిపోయిన పెళ్ళి అని ఊళ్ళో ఆ అమ్మాయి పడిన మాటలే పెద్దవి. వాటిని మేము ఏ డాలర్లతోనూ తీర్చలేకపోయాము. ఆమె టీచరు ట్రైనింగు పూర్తి చేసి, 1997లో కట్నం అడగని ఇంటికి కోడలుగా వెళ్ళింది. కట్నం అడగడమూ, ఇవ్వడమూ రెండూ నేరమే అని 1961లోనే చట్టం వచ్చింది. కోర్టు కంటే ముందు మన ఇళ్ళలో దానికి గౌరవం దక్కితే బాగుండును.

ఆ అక్టోబరులో మేము మరొక ఫోటో పంపాము. భోజనశాల వెనుక, నీళ్ళకు తడిసిన అంగీలతో, ఎత్తుగా పేర్చిన ప్లేట్ల ప్రక్కన ముగ్గురమూ నిలబడి దిగినది. అది చూసి కుప్పంలో అమ్మ రెండు రోజులు అన్నం తినలేదట. తరువాత ఆమే వీధిలో అందరికీ చూపించిందట. పుంగనూరు నాయన 2009లో కన్నుమూసినప్పుడు ఆయన బైబిలు తెరిస్తే అందులో ఆ ఫోటో ఉంది. కారు ఫోటో ఎప్పుడో గోడమీద నుండి తీసేశాడు.

ఇప్పుడు జాబుకు రెండు వారాలు ఆగనక్కరలేదు. పిల్లలు సరస్సు ఒడ్డున నిలబడి ఉండగానే మన ఊళ్ళో అమ్మ చూస్తుంది. కానీ చూపించనిది ఇప్పుడూ కనబడదు. అందుకని తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. ఎక్కడెక్కడ తిరిగావని అడగండి, వినండి, సంతోషించండి. దానితోపాటు ఈ రోజు ఏమి వండుకొన్నావు, ఏమి పని చేశావు, అప్పు ఎంత మిగిలింది అని కూడా అడగండి. ఏ జవాబు వచ్చినా కోపపడకుండా వినండి. గిన్నెలు కడుగుతున్నానని చెప్పే ధైర్యం బిడ్డకు రావాలంటే, వినే చెవి ఇంట్లో ఉండాలి.

చదువుకోవడానికి పోయిన తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, మీరు దిగిన ఫోటోను ఇంటిదగ్గర ఎవరో లెక్క కడుతుంటారు. కారు ముందు నిలబడండి, తప్పు లేదు. అది ఎవరిదో క్రింద ఒక్క ముక్క రాయండి.